ఈ ఫోను ఎవరి మాట వింటుంది?

(హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పాఠకులతో జరిగిన ముచ్చటకు అక్షర రూపం. వక్త కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యారు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మొదటి వరసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతారన్న భయం మనకింకా పోలేదు. (నవ్వులు)

బోర్డు మీద ‘డిజిటల్ యుగంలో పాఠకుడి హక్కులు’ అని రాశారు. అంత పెద్ద మాట నేను మోయలేను. నేను పట్టుకొచ్చింది ఒకటే ప్రశ్న. మనం డబ్బులు పెట్టి కొన్న వస్తువు, మన జేబులో తిరిగే వస్తువు, అది మన మాట వింటుందా, ఇంకెవరి మాటైనా వింటుందా? ఇవాళ చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడికొచ్చేవాళ్ళలో చాలామంది గ్రూప్స్ పిల్లలే కాబట్టి మీ సంగతితోనే మొదలుపెడతా. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరు చివర్లో వచ్చింది, 783 పోస్టులు. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. ఆగస్టు పోయి నవంబరైంది, నవంబరు పోయి 2024 జనవరైంది, అది మళ్ళీ ఆగస్టుకు పోయింది. ఆఖరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో రాశారు. నోటిఫికేషన్ చూసిన ఊపులో ఏడాది వ్యాలిడిటీతో ఆన్‌లైన్ కోర్సు కొన్న పిల్లవాడి పరిస్థితి ఏమిటి? పరీక్ష నాలుగుసార్లు వాయిదా పడింది. వ్యాలిడిటీ మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా పడదు. అర్ధరాత్రి పన్నెండు దాటగానే యాప్‌లో వీడియోలన్నిటి మీదా తాళం బొమ్మ వచ్చి కూర్చుంటుంది. ఫైళ్ళు ఫోన్లోనే ఉన్నాయి, జీబీలకు జీబీలు, డౌన్‌లోడ్ చేసుకున్న డేటా ఖర్చు కూడా అతనిదే. కానీ తెరుచుకోవు. అదే అశోక్‌నగర్‌లో జిరాక్స్ తీయించుకున్న నోట్సు ఉందనుకోండి, పరీక్ష పదేళ్ళు వాయిదా పడినా అది చదువుకోవచ్చు. చెదలు పట్టకపోతే.

ఇదంతా ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్తాను, మంత్రమేమీ కాదు. మీరు డౌన్‌లోడ్ చేసుకున్న వీడియో గజిబిజి చేసిన ఫైలు. దాన్ని విప్పే తాళంచెవి కంపెనీ సర్వర్ దగ్గర ఉంటుంది. ప్లే నొక్కగానే యాప్ వెళ్ళి అడుగుతుంది: ఫలానా మనిషి, ఫలానా ఫోను, ఇవాళ ఫలానా తేదీ, తాళంచెవి ఇస్తారా అని. సర్వర్ సరేనంటే విప్పుతుంది. ఆఫ్‌లైన్లో చూసేవాటికి కొన్ని రోజులకు సరిపడా ముందే ఇచ్చి పెడుతుంది, అంతే తేడా. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పని ఎక్కువగా చేసేది గూగుల్ వారి వైడ్‌వైన్. అందులోనూ తరగతులున్నాయి. ఎల్1 ఉన్న ఫోన్లో బొమ్మ నిగనిగలాడుతుంది. ఎల్3 ఉన్నదాంట్లో చాలా ఓటీటీలు 480పీ దగ్గరే ఆపేస్తాయి. మీ ఫోను బూట్‌లోడర్ (ఫోను ఆన్ చేయగానే సిస్టంను లేపే భాగం) అన్‌లాక్ చేసుకుని, అంటే నా ఫోను నా ఇష్టం అనుకుని, వేరే సిస్టం ఎక్కిస్తే చాలా ఫోన్లు ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతాయి. అదే చందా, అదే డబ్బు, బొమ్మ మాత్రం మసక.

స్క్రీన్‌షాట్ తీయబోతే నల్లగా రావడం మీకు తెలుసు. చిన్న స్క్రీన్లో కళ్ళు లాగుతున్నాయని హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి పెడితే సార్ గొంతు వినిపిస్తుంది, సార్ కనిపించడు. (నవ్వులు) అది కూడా తాళమే. హెచ్‌డీసీపీ అంటారు. వైరుకు అటు ఉన్న టీవీ నమ్మదగ్గదా కాదా అని ఇటు ఉన్న పెట్టె పరీక్ష పెడుతుంది. రెండూ మనవే, మనింట్లోవే. అయినా మనం సాక్ష్యం చెప్తే చెల్లదు.

ఇక నన్ను నిజంగా ఇక్కడికి లాక్కొచ్చిన సంగతి. ఇదే రీడింగ్ రూంలో చూశాను. ఒకమ్మాయి ఫోన్లో పాలిటీ క్లాసు వింటోంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వీడియో మీద పది అంకెలు తేలుతున్నాయి. ఆ పిల్ల సొంత మొబైల్ నంబరు. వీడియోని ఎవరైనా రికార్డు చేసి బయట పెడితే ఎవరి ఖాతా నుంచి పోయిందో పట్టుకోవడానికి యాప్‌వాళ్ళు పెట్టిన ముద్ర అది. ఒకేచోట ఉంటే కత్తిరించేస్తారని దాన్ని తిప్పుతూ ఉంటారు. కాసేపు పై మూల, కాసేపు సార్ మొహం మీద, కాసేపు బోర్డు మీద రాజ్యాంగం అధికరణం పక్కన. ఆ పిల్ల బొటనవేలితో దాన్ని మూస్తోంది. అది ఇంకోచోటికి పోతే వేలు కూడా అక్కడికి పోతుంది. ఎందుకమ్మా అనడిగితే, పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు కదా మేడం అంది. పక్క కుర్చీలో ఎవడో ఒకడు నంబరు చూసి రాత్రి పూట హాయ్ అని మెసేజ్ పెట్టాడట. అప్పట్నుంచీ ఈ వేలు కాపలా. సగం బుర్ర క్లాసు మీద, సగం వేలు మీద.

కొన్న క్లాసు ఆమె చేత ఇంత పని చేయిస్తోంది. దొంగతనం చేసినవాడికి ఈ బాధేమీ లేదు. అదే క్లాసు టెలిగ్రాంలో దొరుకుతుంది, మీలో ఎవరూ చూసి ఉండరు లెండి. (నవ్వులు) దానికి వ్యాలిడిటీ లేదు, టీవీలో నల్లబడదు, దాని మీద తేలేది ఎవరి నంబరో ఏమో, మీది మాత్రం కాదు. డబ్బు కట్టినవాడికి బేడీలు, కట్టనివాడికి స్వేచ్ఛ.

పాఠం చెప్పే సార్ల వైపు కూడా న్యాయం ఉంది, అది దాటేసి పోను. ఒక మనిషి నెలల తరబడి తయారుచేసిన క్లాసును పొద్దున పెడితే సాయంత్రానికి వెయ్యిమందికి ఫ్రీగా పంచేస్తే ఆయన ఏం తిని బతకాలి? ముద్ర వేయాలనుకుంటే వేయండి. ఒక కోడ్ నంబరు వేయండి, మీ రిజిస్టర్లో చూసుకుంటే ఎవరిదో మీకు తెలుస్తుంది. ఫోన్ నంబరే ఎందుకు? ఎందుకంటే ఫోన్ నంబరు వేస్తే పిల్లలు భయపడతారు. అంతకుమించి కారణం నాకు కనబడలేదు.

చట్టం ఏమంటుందో చెప్తాను. నేను వకీలును కాను, లైబ్రరీవాళ్ళకి అక్కరకొచ్చినంత మేరకే చదువుకున్నా. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో సవరించినప్పుడు 65ఏ అనే సెక్షన్ చేర్చారు. డిజిటల్ తాళాన్ని పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. అయితే ఒక మెలిక పెట్టారు, మంచి మెలికే: హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితేనే. అమెరికాలో 1998లో తెచ్చిన చట్టం ఇంతకంటే చాలా కఠినం. మన చట్టం ప్రకారం, చట్టం వద్దనని పనికోసం తాళం తీస్తే నేరం కాదు. సొంత చదువుకోసం న్యాయంగా వాడుకోవడం 52వ సెక్షన్లో ఉంది. సరే, మీకు తాళం తీయడం రాదు, తెలిసిన కుర్రాడు సాయం చేశాడనుకోండి. ఆ కుర్రాడు మీ పేరు, చిరునామా, ఎందుకు తీయించుకున్నారో అన్నీ రాసి రికార్డు పెట్టాలి. అదీ చట్టంలోనే ఉంది. సీటీసీలో కంప్యూటర్ షాపుల్లో అట్లాంటి రిజిస్టరు ఎవరైనా చూశారా? నేనైతే చూళ్ళేదు.

జిరాక్స్ సంగతికొస్తే, ఢిల్లీ యూనివర్సిటీ పక్క జిరాక్స్ షాపు మీద పెద్ద పెద్ద పబ్లిషర్లు కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షాన నిలబడింది. చదువు చెప్పే క్రమంలో కాపీలు తీసుకోవడానికి చట్టంలో చోటుందని చెప్పింది. కాగితం విషయంలో మనకు ఇంత దారి ఇచ్చిన దేశమే ఇది. అదే పేజీ యాప్‌లోకి ఎక్కగానే దారి మూసుకుపోతోంది. మూసేది చట్టం కాదు, సాఫ్ట్‌వేరు.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటాం కదా. మొదటి పేజీలో ఎవరిదో పేరు, ఏదో కాలేజీ ముద్ర, ఒక్కోసారి ‘ప్రియమైన’ అని మొదలై కొట్టేసిన వాక్యం. ఒకసారి అమ్ముడైన కాపీని మళ్ళీ అమ్ముకోకుండా ఆపే హక్కు పబ్లిషర్‌కు లేదని మన చట్టమే చెబుతోంది. లైబ్రరీలు బతుకుతున్నది కూడా ఆ మాట మీదే. ఈ-బుక్‌కి వచ్చేసరికి మీరు కొన్నది పుస్తకం కాదు, చదువుకోవడానికి అనుమతి. అమ్మలేరు, అప్పివ్వలేరు, చచ్చిపోతే పిల్లలకు ఇవ్వలేరు. ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోగలరు. తీసుకున్నారు కూడా. 2009 జులైలో అమెజాన్ తన కిండిల్ (ఈ-బుక్‌లు చదివే పరికరం) పాఠకుల చేతుల్లోంచి రెండు పుస్తకాలు మాయం చేసింది. అమ్మినవాడికి వాటి మీద హక్కులు లేవని తర్వాత తెలిసిందట, డబ్బులు తిరిగి ఇచ్చేశారు. ఆ రెండూ జార్జ్ ఆర్వెల్‌వే, ఒకటి ‘1984’, సర్కారే పాత కాగితాల్ని మాయం చేసే లోకం కథ. ఇట్లాంటిది కథలో రాస్తే అతిగా ఉందంటారు. ఒక స్కూలు పిల్లవాడు అందులో రాసుకున్న నోట్సు దేనికీ కొరగాకుండా పోతే కోర్టుకెళ్ళాడు. కంపెనీ లక్షన్నర డాలర్లకు రాజీపడింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ షాపు మూసేస్తూ అమ్మిన పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుంది. డబ్బులు ఇచ్చింది, నోట్సు రాసుకున్నవాళ్ళకి ఇంకో 25 డాలర్లు ఇచ్చింది. నోట్సుకి కట్టిన ధర అది.

డీవీడీల గోల పాతది, ఒక్క మాటలో తేల్చేస్తా. అమెరికా నుంచి అమ్మాయి తెచ్చిన డిస్కు ఇక్కడ ప్లేయర్‌లో పెడితే ఆడేది కాదు, గుర్తుందా? డిస్కులు అమ్మేవాళ్ళు దేశాల్ని రీజియన్లుగా విడగొట్టారు: వాళ్ళది రీజియన్ 1, మనది 5. డిస్కు తప్పూ కాదు, ప్లేయర్ తప్పూ కాదు.

మా కాలేజీలో చూపులేని పిల్లలు చదివేవాళ్ళు. వాళ్ళ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. వాళ్ళకి కంప్యూటర్ చదివి వినిపిస్తుంది, ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఉంది. తెలుగు కూడా చదువుతుంది, గొంతు కొంచెం కరకుగా ఉంటుంది గానీ చదువుతుంది. అక్షరం దానికి అందాలి, అంతే. స్క్రీన్‌షాట్ తీయకుండా, కాపీ చేయకుండా పేజీని బొమ్మగా మార్చి యాప్‌లో పెడితే దానికి అక్షరం అందదు. ఖాళీ పేజీ అంటుంది. దొంగను ఆపడానికి పెట్టిన గోడ ముందుగా ఆపింది చూపులేని పిల్లవాడిని. తెలుగులో ఇంకో తంటా కూడా ఉంది. మన పుస్తకాలు చాలావరకు ‘అను’ అనే ఫాంట్లలో డీటీపీ అయినవే. వాటి పీడీఎఫ్ తెరిచి కాపీ చేస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిరాత వస్తుంది. అది తాళం వేసింది కాదు, తాళం వేసినట్టు అయిపోయింది. చూపులేనివాళ్ళ కోసం ఏ పుస్తకాన్నైనా వాళ్ళకు అందే రూపంలోకి మార్చుకోవచ్చని 2012 సవరణ చెబుతోంది. ఇదే విషయం మీద 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరితే, దాన్ని ధ్రువీకరించిన మొట్టమొదటి దేశం మనదే, 2014లో. కాగితం మీద మనం ముందున్నాం. ఆ పిల్లల కోసం నేనూ ఇంకో ఇద్దరం కూర్చుని పుస్తకాలు టైపు చేసేవాళ్ళం, ఎందుకంటే పబ్లిషర్ దగ్గర ఉన్న ఫైలు మాకు రాదు.

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకొస్తా. తాళం సంగతి వేరు, ప్రైవసీ సంగతి వేరు అనుకుంటాం మనం. కానీ ఆ తాళం తీయాలంటే ముందు మీరెవరో దానికి తెలియాలి. ఎవరు చూస్తున్నారు, ఏ ఫోన్లో, ఎక్కడి నుంచి, ఎంతసేపు. కాగితం పుస్తకానికి ఇవేవీ అక్కర్లేదు. ఈ లైబ్రరీలో మీరు ఏ పేజీ దగ్గర ఆగారో మాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మనం జీతం ఇచ్చి పెట్టుకున్న వాచ్‌మన్ మనింట్లోకి ఎవరొస్తున్నారో పక్కింటాయనకు రోజూ చెప్పొస్తున్నాడని తెలిస్తే ఒక్కరోజు ఉంచం. ఫోన్‌నీ టీవీనీ ఉంచుతున్నాం.

టీవీ అంటే గుర్తొచ్చింది. స్మార్ట్ టీవీల్లో చాలావాటికి స్క్రీన్ మీద ఏం ఆడుతోందో గుర్తుపట్టే ఏర్పాటు ఉంటుంది. తెర మీది చుక్కలు కొన్ని తీసి సర్వర్‌కు పంపి, అక్కడ ఉన్న లెక్కతో పోల్చి, ఇదీ చూస్తున్నారు అని తేలుస్తుంది. 2017లో అమెరికాలో విజియో అనే కంపెనీ ఇట్లా కోటీ పది లక్షల టీవీల నుంచి క్షణం క్షణం లెక్క అడక్కుండా లాగిందని తేలి 22 లక్షల డాలర్లు కట్టింది. ఒక్కో టీవీకి ఎంత పడుతుందో లెక్కేసుకోండి. జరిమానా టీవీకి పావు డాలరు కూడా కాలేదు. ఇంటికెళ్ళి మీ టీవీ సెట్టింగ్స్‌లో ‘వ్యూయింగ్’ అనో ‘కంటెంట్ రికగ్నిషన్’ అనో ఉన్నవన్నీ ఆపేయండి.

సూపర్‌మార్కెట్లో కందిపప్పు కొంటే ఫోన్ నంబరు అడుగుతారు. నంబరు చెప్పకపోతే బిల్లు కాదు అనొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ షాపులవాళ్ళకి చెప్పింది. ఇవ్వను బాబూ అనండి. క్యూలో వెనకవాళ్ళు గొణుగుతారు, గొణగనీయండి.

లోన్ యాప్‌ల దగ్గర మాత్రం నవ్వు రాదు. 2020 డిసెంబరు గుర్తుందా? మన దగ్గరే, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేశారు. ఐదువేలో పదివేలో అప్పు ఇస్తారు. యాప్ వేసేటప్పుడు కాంటాక్ట్స్ చూడమంటారా అని అడుగుతుంది, అవసరంలో ఉన్నవాడు అన్నిటికీ ‘అలవ్’ నొక్కుతాడు. వాయిదా ఆలస్యమైతే మేనమామకు ఫోను, ఆఫీసులో మేనేజర్‌కు ఫోను, పాత స్కూలు టీచర్‌కు ఫోను, ఫలానావాడు దొంగ అని ఫొటోతో సహా వాట్సాప్ గ్రూపు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు వసూలుకి వాళ్ళకి తాకట్టు బంగారం కాదు, పరువు. ఆ తాకట్టు పెట్టింది ఒక్క ‘అలవ్’తో. ఇది జరిగాక 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది, అప్పిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, ఫైళ్ళు, కాల్ లాగ్‌ల జోలికి పోకూడదని. 2023లో గూగుల్ కూడా అదే మాట అంది. రెండేళ్ళు, మూడేళ్ళు పట్టింది. ఇందులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అప్పిచ్చే యాప్‌కి మా మేనమామ నంబరు ఎందుకు అని ఫోను ఎందుకు అడగలేదు? అది అడగదు. తలుపు తీయనా అని మనల్ని అడుగుతుంది, ఎందుకొచ్చారని వాళ్ళని అడగదు.

సర్కారు సంగతి? 2025 నవంబరు 28న, అమ్మే ప్రతి కొత్త ఫోన్లో సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఉండాలని టెలికాం శాఖ ఫోన్ల కంపెనీలకు చెప్పింది. దాన్ని పనిచేయకుండా చేసే వీలుండకూడదని కూడా. దేశమంతా గొడవైంది, డిసెంబరు 3న తప్పనిసరి అన్నది వెనక్కి తీసుకున్నారు. ఆ యాప్ పోయిన ఫోన్లు పట్టడానికి పనికొస్తుంది, నేను కాదనను. నాకు కావాల్సినది నేను వేసుకుంటాను, అక్కర్లేనిది తీసేస్తాను, అంతే.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి ప్రైవసీ ప్రాథమిక హక్కు అంది. గ్రూప్స్ పిల్లలకి ఇది కంఠతా వచ్చు, పుట్టస్వామి కేసు. ఆ తర్వాత ఆరేళ్ళకు, 2023లో, డేటా రక్షణ చట్టం వచ్చింది. రూల్స్ రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి అక్కణ్ణుంచి ఇంకో 18 నెలలు గడువిచ్చారు. అందులో పనికొచ్చేవి ఉన్నాయి. పనికి అవసరమైనంత డేటాకే మీ సమ్మతి చెల్లుతుంది. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా అడగొచ్చు, అంటే తెలుగులో కూడా. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. చేదు కూడా ఉంది: ప్రభుత్వానికి మినహాయింపులు బారెడు, పైగా అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో ఒక తలుపు మూశారు. వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వం అనొచ్చు; ప్రజాప్రయోజనం ఉందా అని ఆ క్లాజులో తూచాల్సిన పని తీసేశారు. మనకు కప్పాల్సిన దుప్పటి ఆఫీసర్ల మీద కప్పారు.

(సభలోంచి ఒక యువకుడు: మేడం, ఇంతకీ మేము కోచింగ్ యాప్ మానేయాలా?)

మానేయమని ఎట్లా చెప్తాను బాబూ, క్లాసు మంచిదైతే వినాల్సిందే కదా. కొనేముందు మూడు అడుగు: వ్యాలిడిటీ పరీక్ష తేదీ దాకానా, క్యాలెండర్ లెక్కనా? నోట్సు పీడీఎఫ్ ప్రింటు తీసుకోనిస్తారా? వీడియో మీద నా నంబరు తేలుతుందా? పదిమంది కలిసి అడగండి. ఒక్కడు అడిగితే అడ్మిన్ జవాబివ్వడు, బ్యాచ్ అంతా అడిగితే సార్ దాకా వెళ్తుంది. మా కాలేజీ పిల్లలు ఒక ఇన్‌స్టిట్యూట్‌ని అడిగి నోట్సు ప్రింటు సాధించుకున్నారు. నంబరు మాత్రం ఇంకా తేలుతూనే ఉంది.

(మరొకరు: ఓటీటీ పాస్‌వర్డ్ మా అన్నయ్యతో పంచుకుంటే తప్పా?)

2023 జులై నుంచి నెట్‌ఫ్లిక్స్ ఇక్కడ కూడా ఒప్పుకోవడం లేదు, ఒకే ఇంట్లోవాళ్ళే చూడాలంటోంది. మీరు వేరుకాపురాలు పెట్టారో లేదో ఇప్పుడు వాళ్ళకి తెలుసు, మీ అమ్మగారికి తెలిసేకంటే ముందే. (నవ్వులు)

సరే, టైమైపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. పర్మిషన్లు ఎట్లా చూడాలో అడిగినవాళ్ళు ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి. సెట్టింగ్స్, ప్రైవసీ, పర్మిషన్ మేనేజర్. ముందు కాంటాక్ట్స్ తెరిచి ఎన్ని యాప్‌లు ఉన్నాయో చూద్దాం, తర్వాత మైకు, తర్వాత లొకేషన్. అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనలవాళ్ళు మన ఫోన్ని గుర్తుపట్టే నంబరు, అది డిలీట్ కూడా చేసేద్దాం, రెండు నిమిషాల పని. ఒకరి ఫోను ఒకరికి ఇవ్వకండి, ఎవరి ఫోను వాళ్ళే పట్టుకోండి. మాటలు మెల్లగా, పక్క హాల్లో చదువుకుంటున్నారు.